గంజి వార్చే లోపల

సీటు కింద ఉండే ఇనుప రాడ్డు తుప్పుపట్టి గొట్టంలో బిగుసుకుపోయింది. బిసాహు కాకా దాని మొదట్లో కిరసనాయిలు పోసి, గుడ్డపేలిక చుట్టి, ఇది నానాలి, రేపు రండి అన్నాడు. రాయపూర్‌లో మేము కాపురం పెట్టిన నాటి నుంచి మా ఇంటి సైకిళ్ళు బాగుచేసింది ఆయనే. ఇప్పుడు చూపు తగ్గి, వేళ్ళతో తడుముకుంటూ పనిచేస్తున్నాడు. నా కూతురు హైమకి నయా రాయపూర్‌లో ఆఫీసు ఉద్యోగం. అక్కడ రోడ్లు మైదానాల్లా ఉంటాయి, మనుషులు కనబడరు. పొద్దున్నే సైకిళ్ళు తొక్కేవాళ్ళు గుంపుగా వస్తారట. నాన్న సైకిలు వరండాలో ఉండగా కొత్తది ఎందుకంది. నేను వద్దనలేదు. వద్దంటే కారణం అడుగుతుంది. ఆ కారణం ఇరవై ఏళ్ళుగా నా కడుపులో ఉంది, చనిపోయిన ఆయనకి కూడా చెప్పలేదు. నాకు సంతకం వరకే చదువు. అందుకని నేను చెబుతుంటే ఇదంతా హైమే రాస్తోంది. మధ్యలో ఆపి ఏమీ అడగనని ముందే ఒట్టు వేయించుకున్నాను.

ఆయన నాకు మేనత్త కొడుకు, శిమ్మాచలం బావ. రాజాం అవతల మా ఊరి నుంచి పెళ్ళి చేసుకుని నేను రైలు దిగేసరికి ఇక్కడ కొత్త రాష్ట్రం వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. బావ రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో కలాసీ. కాలనీ క్వార్టరు అంటే ఒక గది, వంటిల్లు, ముందు వరండా. గదిలో మంచానికీ గోడకీ మధ్య సన్నగా, ముక్కు పొడుచుకొచ్చిన పక్షిలాగా ఒక సైకిలు నిలబడి ఉంది. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంది. మా ఊళ్ళో పాలవాళ్ళ సైకిళ్ళు తప్ప నేను ఇంకోటి ఎరగను. అది నిలబడే చోట సున్నం గోడ మీద సీటు అంచు ఆని ఆని నల్లటి మచ్చ పడింది. అత్త కాళ్ళు కడుక్కోమని నీళ్ళిస్తూ అంది, "దాని వంక అలా సూడకే గుంటా. అది పెద్ద కోడలు. నువ్వు రెండోదానివి." నేను నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడితే, బావ తలుపు చాటున ముసిముసిగా నవ్వుతున్నాడు.

బావ పందేల సైకిలు తొక్కేవాడు. అందులో డబ్బులేమీ రావు. రైల్వేలో డివిజన్ల మధ్య పందెం ఉంటుంది, నాగపూర్ వెళ్ళి తొక్కాలి. దానికి ముందు ఇక్కడ ఎంపిక. రెండేళ్ళ పాటు వరసగా ఒక్క మనిషి తేడాతో ఎంపిక తప్పిపోయిందని, మూడోసారి దొరికితే ఇక జన్మకి చాలునని పెళ్ళయిన వారానికే నాతో చెప్పాడు. తెల్లవారకముందే లేచి, ఆవనూనె పిక్కలకి మర్దనా చేసుకునేవాడు. ఇక్కడ అందరూ అదే వాడతారు. అత్త ముక్కు మూసుకుని, "నువ్వులనూనె లేదేటిరా నీకు, వొళ్ళంతా పచ్చడి జాడీ వాసన" అని గొణిగేది. ఆ వాసన, కిరసనాయిలు పొయ్యి వాసన, ఊరి నుంచి తెచ్చుకున్న చోడిపిండి అంబలి ఉడికే వాసన కలిసి ఆ ఇంటికి ఒక తెల్లవారుజాము ఉండేది. ఇప్పుడు కూడా ఎవరింట్లో అయినా ఆవనూనె కాగితే నాకు కాసేపు ఎవరి వయసు ఎంతో గుర్తుండదు.

దూరం తొక్కే రోజులు వేరు, వేగం చూసుకునే రోజులు వేరు. వేగం చూసుకునే రోజున క్వార్టరు నుంచి బీర్‌గావ్ దాటి ఫ్యాక్టరీల గేటు వరకు వెళ్ళి వెనక్కి రావాలి. మిగతావాళ్ళకి టైం చూసే గడియారాలు ఉండేవి. మాకు ఉన్నదల్లా గోడ గడియారం, అది దాని ఇష్టం వచ్చినట్టు నడిచేది. "నీ అన్నం కుండ ఉన్నాది కదా" అన్నాడు బావ. రోజూ అదే గిన్నె, అవే కొలత బియ్యం, అన్నే నీళ్ళు, పొయ్యి వత్తి అంతే ఎత్తు. ఆయన సందు మలుపు తిరగగానే నేను ఎసరు పెట్టేదాన్ని. గంజి వార్చే లోపల బెల్లు వినబడాలి. బెల్లు వినబడేదాకా గిన్నె దించకూడదని కట్టడి. ఆయన త్వరగా వస్తే అన్నం పలుకుగా ఉండేది, ఆలస్యమైతే మెత్తబడేది. అప్పటికే అత్తకి ముందు పళ్ళు నాలుగు లేవు. పలుకు అన్నం కంచంలో పడగానే ఆవిడ కొడుకు వైపు చూసి, "ఈయాల ఎవడినో కొట్టేసినట్టున్నావు, నా దవడ సెబుతున్నాది" అనేది. మెత్తటి అన్నం వచ్చిన రోజున మాత్రం, "ఎదురుగాలేటిరా నాయనా, పోన్లే, నాకు తిండి దొరికింది" అని రెండోసారి పెట్టించుకునేది. బావ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని నమిలేవాడు. దారిలో ఎక్కడ వెనకబడ్డాడో ముద్దని బట్టి చెప్పేవాడు. గేటు దగ్గర తిరగడంలో ఆలస్యమయ్యానే, ఇదిగో ఈ మెత్తదనం అదే అనేవాడు. నిజంగా తెలిసేదో, మమ్మల్ని నవ్వించడానికి అనేవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

బట్టలు ఉతికేటప్పుడు ఆయన ఏ దారిన వెళ్ళాడో నాకు చెప్పక్కర్లేదు. బీర్‌గావ్ వైపు వెళితే చొక్కా మీద నల్లటి ఇనపధూళి, ఎన్ని నీళ్ళు పోసినా బకెట్టు అడుగున ఇసకలాగా మిగిలేది. ఆదివారం తిల్దా వైపు వెళితే మిల్లుల తవుడు, కనుబొమ్మల మీద కూడా పొడి పొడిగా, పసిపిల్లాడికి పౌడరు రాసినట్టు. తవుడు వాసన వేసే బట్టలు ఉతకడం నాకు ఇష్టం. మా ఊరు వచ్చి కాలనీ కుళాయి దగ్గర కూర్చున్నట్టు ఉండేది.

ఆ తిల్దా దారిలోనే పడ్డాడు. కోతలయ్యాక రైతులు వడ్లు తెచ్చి తారురోడ్డు మీద ఆరబోస్తారు. బావకి తెలియనిది కాదు. ఆ రోజు మంచు పట్టి ఉంది, మలుపు తిరిగాక గాని వడ్లు కనబడలేదు. గింజల మీద చక్రం జారి భుజం మీద పడ్డాడు. మిల్లు లారీవాళ్ళు మనిషినీ సైకిలునీ ఇంటిముందు దించి వెళ్ళారు. మెడ దగ్గర ఎముక విరిగింది. ఆస్పత్రిలో రెండు భుజాలూ వెనక్కి లాగి పట్టీ కట్టి, రెండు నెలలు చెయ్యి ఎత్తకూడదన్నారు. అత్త ఏడవలేదు. "లచ్చిమి మీద సక్రం ఎక్కించినావు, ఊరుకుంటాదేటి" అని, ఆ పట్టీతోనే వంగోబెట్టి బియ్యం డబ్బాకి దణ్ణం పెట్టించింది. సైకిలుకి గీత కూడా పడలేదు. బావ ముందు దాన్నే తడిమి చూసుకున్నాడు. నేను ముద్దలు కలిపి నోట్లో పెట్టేదాన్ని, వీపు రుద్దేదాన్ని. నెల తిరిగేసరికి వర్క్‌షాపులో గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. వెళుతూ నాతో ఒక మాట చెప్పాడు.

"ఓలే, రోజూ దాని సక్రాలు తిప్పుతుండు. గొలుసుకి నూని సుక్క ఎయ్యి. ఊరికే నిలబెడితే బిగుసుకుపోద్ది."

అందులో నన్ను తొక్కమని ఎక్కడా లేదు. చక్రం తిప్పాను. వెనక చక్రం తిరిగితే చినుకులు పడ్డట్టు సన్నగా టిక్కుటిక్కుమని ఒక చప్పుడు. అది ఆగేదాకా వింటూ కూర్చునేదాన్ని. మా ఊళ్ళో మా అన్నదమ్ములకి సైకిలు ఉండేది. నాకు దాని వెనక గడ్డిమోపుతో పాటు కూర్చునే చోటు ఉండేది. నాలుగో రోజో ఐదో రోజో, మధ్యాహ్నం అత్త నోరు తెరిచి నిద్రపోయాక, బావ పాత కాకీ ప్యాంటు తొడుక్కుని లంగా బొందుతో నడుముకి బిగించాను. సీటు నా ఛాతీ దాకా ఉంది. పెట్టెలో పానా ఉంది. సీటు కింద నట్టు వదులు చేసి నాలుగు వేళ్ళ మందం దించాను. బావ తన ఎత్తు గుర్తుకి రాడ్డు చుట్టూ ఎర్ర టేపు అంటించుకున్నాడు. సీటు దిగేటప్పుడు ఆ టేపు చుట్టలు చుట్టుకుని ఊడి నా చేతికి వచ్చింది. తర్వాత అంటిస్తాలే అని గూట్లో పెట్టాను. ఆ సంగతి అంతటితో మరిచిపోయాను.

కాలనీ వెనకాల ఒకప్పుడు వ్యాగన్లు నిలిపిన, పట్టాలు పీకేసిన పాత సైడింగు ఉంది, బొగ్గుపొడి కలిసిన గట్టి నేల. శీతాకాలం ఎండ, చలి కాయడానికి తప్ప మంటపుట్టని ఎండ. డాబాల మీద ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు ఎండబెట్టిన బూడిదగుమ్మడికాయ వడియాల వాసన గాలిలో వచ్చేది. వాళ్ళు పైనించి చూసి ఉంటారు, ఎవరూ మా అత్తకి చెప్పలేదు. మొదట తోసుకుంటూ నడిచాను. తర్వాత ఒక కాలుతో. పడ్డాను, మోచెయ్యి గీరుకుంది, రుబ్బురోలు తగిలిందని చెప్పాను. ఒక రోజు రెండు కాళ్ళూ నేల మీద లేవు. ఎప్పుడు లేచాయో నాకు తెలియదు. నీడ నా పక్కన సన్నగా, పొడుగ్గా పరిగెడుతోంది. చెవుల్లో గాలి, కింద ఆ చినుకుల చప్పుడు. ఒళ్ళు బరువు లేదు. కలలో ఎగిరినప్పుడు ఎలా ఉంటుందో అలా, కాకపోతే కళ్ళు తెరిచే ఉన్నాయి. మూడింటికి వర్క్‌షాపు సైరను మోగేది. ఆ సైరను వినగానే ఇంటికి తిరిగేదాన్ని. అన్నం గిన్నె బావకి ఎలాగో సైరను నాకు అలాగ. అలాంటి మధ్యాహ్నాలు నెల కూడా లేవేమో. నా చిన్నతనమంతా ఎక్కడుందంటే ఆ నెలలోనే ఉందని చెబుతాను. అప్పటికి నాకు పెళ్ళయింది, అయినా సరే.

పట్టీ విప్పే రోజు దగ్గర పడ్డాక సీటు మళ్ళీ పైకి లేపాను. టేపు గూట్లోంచి తీసి, ఇక్కడే కదా అనుకున్న చోట అంటించాను. కంటి అంచనా. కూరలో ఉప్పు వేసినట్టు వేశాను. బావ వచ్చి సైకిలు చూసి, టేపు చూసి, నట్టు బిగించి చూసుకుని మెచ్చుకున్నాడు. "బాగా సూసినావే. మెరిసిపోతన్నాది."

మొదటి వారం అన్నం మెత్తబడింది. రెండు నెలలు కదలని ఒళ్ళు కదా అనుకున్నాం. రెండో వారం కూడా అంతే. తొక్కుతుంటే ఏదో తేడాగా ఉంది, నా కాళ్ళు నావి కానట్టున్నాయి అనేవాడు బావ. టేపు తన గుర్తే కాబట్టి తప్పు తన ఒంట్లోనే ఉందని నమ్మాడు. నమ్మి ఇంకా గట్టిగా తొక్కాడు. నెలకి మోకాలు చిప్ప కింద నొప్పి మొదలైంది. అత్త ఉప్పు మూట కాచి పెట్టేది. నేను ఆముదం ఆకు వెచ్చచేసి కట్టేదాన్ని. కట్టించుకుంటూ నా తల నిమిరేవాడు. ఎంపిక రోజున సగం దారిలో దిగి, సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. ఆ రోజు నేను ఎసరు పెట్టలేదు, అది పెద్ద పందెం, అన్నంతో కొలిచేది కాదు. అయినా ఇంటికొచ్చి అడిగాడు, "అన్నమేటి అయినాది?" అని. వండలేదు బావా అన్నాను. "మంచిపని సేసినావు. ముద్ద కట్టీసి ఉండును" అన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆవిడ మా మాటలకి నవ్వని రోజు నేను చూసింది అదొక్కటే.

ఆ తర్వాత కొన్నాళ్ళకి బావ డ్యూటీకి తొక్కుకెళ్ళే మామూలు సైకిలుకి గాలి కొట్టించడానికి బిసాహు కాకా కొట్టుకి వెళ్ళాను. ఆయన ఎవరో కాలేజీ అమ్మాయిని కోప్పడుతున్నాడు. సీటు ఇంత కిందికి పెట్టుకు తొక్కితే మోకాళ్ళు తినేస్తుంది బేటీ, రెండు వేళ్ళు చాలు మోకాలు పోవడానికి అంటున్నాడు. నా చేతిలోని సైకిలు అక్కడే వదిలేశాను. ఇంటికి వచ్చి మంచం పక్కన నిలబెట్టి ఉన్న సైకిలు ముందు కూర్చున్నాను. గోడ మీద పాత నల్లమచ్చ అక్కడే ఉంది. సీటు అంచు దానికి రెండు వేళ్ళు కిందుగా గోడకి ఆని ఉంది. వేళ్ళు పెట్టి చూశాను. తీసి మళ్ళీ పెట్టాను. రెండు వేళ్ళే.

ఎవరూ లేనప్పుడు పానా తీసి మచ్చకి సమంగా లేపాను, టేపు కూడా జరిపాను. మర్నాడు బావ మెల్లగా ఒక చుట్టు తొక్కి వచ్చి దిగాడు. సైకిలు గదిలోకి తెచ్చి గోడకి ఆనించి, సీటు మీద చెయ్యి వేశాడు. గోడ మీది మచ్చ వైపు చూశాడు. వంటింటి గుమ్మంలోకి వచ్చి టీ అడిగాడు. నేను ఇచ్చాను. కప్పు నిండా పోసేశాను, సాసరులోకి ఒలికింది. ఆయన ఒలికిన టీ కూడా తాగేసి డ్యూటీకి వెళ్ళాడు. అంతే. మోకాలు మాత్రం తిరిగి రాలేదు. పందేలు మానేశాడు. ఇంకొన్నాళ్ళకి సైకిలుని గదిలోంచి వరండాలోకి మార్చాడు. ఒక రోజు నేను చూసేసరికి సీటు కిందికి దిగి ఉంది, ఆయన ఎత్తుకి నాలుగు వేళ్ళ కింద. దించింది ఆయనే. నాకు తెలిసేలా దించాడు అనుకున్నాను. నువ్వు చేసింది ఇది అని నోటితో అనకుండా వరండాలో నిలబెట్టి చూపిస్తున్నాడు అనుకున్నాను. అప్పటి నుంచి ఆ వరండాలో ముగ్గు కూడా దానికి వీపు పెట్టి వేసేదాన్ని.

మంచి మొగుడే. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు బరువు. హైమ పుట్టింది, అత్త పోయింది, క్వార్టరు వదిలి బీర్‌గావ్‌లో రెండు గదులు కట్టుకుని వచ్చాం. సైకిలు కూడా వచ్చింది, అదే ఎత్తు సీటుతో. ప్రతి ఆదివారం బావ దానికి గాలి కొట్టి, గొలుసుకి నూనె వేసి, చేతులు కడుక్కుంటూ వంటింటి వైపు చెప్పేవాడు, "గాలి కొట్టీసినానే." నేను ఊఁ అనేదాన్ని. ఇన్నేళ్ళ ఆదివారాలు. ఒక్కసారి కూడా ఎందుకు కొట్టావు, ఎవరు తొక్కుతారు అని అడగలేదు. అడిగితే ఆ మాట బయటికి వస్తుందని భయం. రెండేళ్ళ కిందట ఒక ఉదయం వరండాలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ పక్కకి ఒరిగిపోయాడు. గుండె అన్నారు. అప్పటి నుంచి టైర్లలో గాలి లేదు.

కిరసనాయిలు పోసి నానబెట్టిన మర్నాడు నేనూ హైమా కొట్టుకి వెళ్ళేసరికి రాడ్డు ఊడి వచ్చింది. బిసాహు కాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని గుడ్డతో తుడుస్తున్నాడు. బొటనవేలి గోరుతో తడిమి, ఒక చోట ఆగి, ఇంకొంచెం పైకి జరిపి మళ్ళీ ఆగాడు. నా చెయ్యి పట్టుకుని ఆ రెండు చోట్లా పెట్టించాడు. ఆకురాయితో కోసిన రెండు గాట్లు.

"శిమ్మా భాయ్ కోయించాడు, నా చేత్తోనే. మోకాలు పోయిన ఏడే. టేపు ఊడిపోతుంది కాకా, ఊడని గుర్తు పెట్టు అన్నాడు" అని ఆయన హిందీలో చెప్పాడు. ఒక గాటు బావ ఎత్తుది. ఇంకోటి ఎవరిదని హైమ అడిగింది. ముసలాయన నా వైపు తిరిగాడు, కళ్ళు నా భుజం మీదుగా ఎటో చూస్తున్నాయి. "ఏ హ తోర్ బర్ ఏ, బహూ." ఇది నీ కోసం, కోడలా అని.

ఆయన పని చేసుకుంటూనే చెప్పుకుపోయాడు. గాట్లు కోయించేటప్పుడు బావ, మా ఇంటిది మధ్యాహ్నాలు తొక్కేది కాకా, నాకు చెప్పలేదు, సిగ్గు కాబోలు. కాలనీలో వడియాలు పెట్టుకునే ఆడవాళ్ళు నాకు చెప్పారు, బాగా తొక్కుతుందట అన్నాడట. ఆమె ఎత్తుకి దించి ఉంచుతాను, ఎప్పటికైనా ఎక్కుతుంది అన్నాడట. "ఎక్కిందా అని నేను అప్పుడప్పుడు అడిగేవాణ్ణి. ఇంకా లేదు కాకా, గాలి మాత్రం కొట్టి ఉంచుతున్నాను అనేవాడు."

హైమ నా మొహంలోకి చూసింది. ఒట్టు అప్పటికి ఇంకా వేయించుకోలేదు, అయినా ఏమీ అడగలేదు. మోకాలు సంగతి ఆయనకి తెలుసా అని నేనే కాకాని అడిగాను. ఎంత మెల్లగా అడిగానంటే రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. టేపు జరిగిందని తెలుసు బహూ, అన్నాడు. "ఎవరు జరిపారో శిమ్మా భాయ్ చెప్పలేదు, నేనూ అడగలేదు, తన టేపు తాను కొలిచి చూసుకోకపోవడం తొక్కేవాడి తప్పేనని మాత్రం అన్నాడు."

ఇప్పుడు ఆడపిల్లలు పొట్టి ప్యాంట్లు వేసుకుని, తలకి టోపీలు బిగించుకుని, పట్టపగలు నయా రాయపూర్ రోడ్ల మీద తొక్కుతున్నారు. టైం చూసే గడియారాలు చేతికే ఉన్నాయి, ఎంత దూరమో, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో అన్నీ అవే చెబుతాయట. మంచిదే. దాచుకునేది లేదు కాబట్టి పొరపాటు చేస్తే పొరపాటని చెప్పుకుంటారు. మా ఇంట్లో గడియారం అన్నం గిన్నెలో ఉండేది, మాట సైకిలు సీటులో ఉండేది. ఆయన తన మాట చెప్పేశాడు. నేను వినడం తప్పు విన్నాను.

ఆదివారం పొద్దున్న హైమ సైకిలు బయటికి తీసింది. సీటు ఏ గాటుకి పెట్టాలని అడిగింది. సీటు కిందికి దిగే గాటుకి అన్నాను. "అమ్మా, నాకు అది తక్కువ అవుద్ది."

"నీకు కాదే."

అది నన్ను ఎగాదిగా చూసింది. "నీ మోకాళ్ళు? మెట్లెక్కితే అయ్యో అంటావ్, సైకిల్ ఎక్కుతావా?"

"సీటు సరిగ్గా ఉంటే మోకాలికేటి అవ్వదు. కాకాని అడుగు."

కుక్కరు పక్కన పెట్టి, అటక మీద పాత గిన్నె దింపించాను. ఎసరు పెట్టాను. నేను సందు మలుపు తిరిగాక నువ్వు చూస్తుండు, బెల్లు వినబడేదాకా దించకు అని హైమకి చెప్పాను. దాని చుడీదారు ప్యాంటు వేసుకున్నాను, ఈసారి బొందు ప్యాంటుకే ఉంది. వీధివాళ్ళు చూశారు, చూడనిచ్చాను. మొదట తోసుకుంటూ నడిచాను. ఫ్యాక్టరీకి డ్యూటీకి పోయేవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. తర్వాత ఒక కాలు. వెనక చక్రం ఇంకా అలాగే చినుకుల్లా చప్పుడు చేస్తోంది. ఇనపధూళి ముక్కుకి తగిలింది, ఆయన చొక్కా వాసన. రెండో కాలు ఎప్పుడు లేచిందో నాకు తెలియలేదు. ఎక్కడ తిరగాలో కూడా తెలియలేదు, సైరను ఏదీ మోగలేదు, వెళుతూనే ఉన్నాను.

బెల్లు కొట్టేసరికి హైమ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. గంజి అన్నంలోనే ఇంకిపోయింది, వార్చడానికి చుక్క మిగల్లేదు. అన్నం ముద్ద కట్టేసింది. అత్త ఉంటే రెండోసారి పెట్టించుకునేది. బావ ఉంటే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలి, నేను ఎంత దూరం వెళ్ళి వచ్చానో చెప్పేసేవాడు.